ఇళయరాజా గారి లైవ్ ప్రోగ్రాం హైదరాబాద్‌లో పడితే: హన్మకొండ నుంచి అమ్మను తీసుకుని వెళ్లి రాత్రికే తిరిగి రావచ్చా?

హన్మకొండ_శ్రోత

హైదరాబాద్‌లో ఇళయరాజా గారి ఆర్కెస్ట్రా ప్రోగ్రాం ఈసారి ఎప్పుడు అనౌన్స్ చేసినా వదలొద్దని అమ్మా నేనూ అనుకున్నాం. ఆయన పుట్టింది 1943లో. 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీ వినిపించి వచ్చిన మనిషే అయినా, వచ్చే ఏడు చూద్దాంలే అనుకునే వయసు కాదు కదా. అందుకే డేట్ రాకముందే అన్నీ తెలుసుకుని పెట్టుకుందామని అడుగుతున్నా.

అమ్మకు 64. మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. గచ్చిబౌలి స్టేడియం లాంటి ఓపెన్ గ్రౌండ్‌లో అయితే ముందు వరుసల ఖరీదైన టికెట్ కొనడం నిజంగా లాభమా? ప్రోగ్రాం అయ్యాక అదే రాత్రి హన్మకొండ చేరడం కుదురుతుందా? టికెట్లు నిమిషాల్లో అయిపోతాయంటారు, ఫోన్‌లో ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఉప్పల్_రింగ్‌రోడ్డు

టికెట్ సంగతి తర్వాత. ముందుగాల తిరుగు ప్రయాణం తేల్చుకోవాలె. ఏ సీటు కొనాల్నో కూడా దాన్ని బట్టే ఉంటది.

బయట గ్రౌండ్‌ల మైకు రాత్రి 10 వరకే. 2000ల వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ బంద్. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిల 15 రోజులకు మించకుండ అర్ధరాత్రి దాకా సడలింపు ఇయ్యొచ్చు గని, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. 7 గంటలకు అని వేసిన ప్రోగ్రాం 7:45కు మొదలైనా 10కి ఆపుడే. అభిమానులకు బాధే, ఊరికి పోయేటోళ్లకు మాత్రం ఇదే దిక్కు. ఇక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకోవచ్చు.

10కి ఆఖరి పాట అయితది. అందరూ ఒక్కసారే లేస్తరు. గేటు దాటి రోడ్డెక్కేసరికి అరగంట, జనం ఎక్కువుంటే 40 నిమిషాలు. గచ్చిబౌలి స్టేడియం నుంచి రాయదుర్గం మెట్రో 5 కిలోమీటర్ల దరిదాపు. గేటు ముందర నిలబడి క్యాబ్ బుక్ చేస్తే రాదు: రోడ్డు పోలీసులు మళ్లిస్తరు, డ్రైవర్ లోపలికి రాలేడు, మీరు బయటికి పోలేరు, ఆఖరికి ఆయనే క్యాన్సిల్ కొడ్తడు. కొంతదూరం నడిచి గుంపు దాటినంక ఆటో మాట్లాడుకోవాలె. అమ్మ మోకాళ్లకు ఈ నడకే అసలు పరీక్ష, మూడు గంటలు కూసునుడు కాదు.

మెట్రో ఆఖరి బండి ఇప్పుడు రాత్రి 11కే. టైమింగ్స్ మారుతుంటయి, ముందురోజు చూసుకోండి. అంటే 10 దాకా కూసుంటే 11 బండి దొరుకుడు అదృష్టమే. రెండు పాటల ముందు, 9:35–9:40 మధ్యల లేస్తే ఆరాంగ దొరుకుతది. రాయదుర్గం నుంచి నాగోల్ దాకా నీలం లైన్ ఒక్కటే, ఎక్కడా మారే పని లేదు. నాగోల్ కంటె ఒక్క స్టేషన్ ముందు ఉప్పల్‌ల దిగాలె. గంట పడ్తది. టికెట్ లైన్ల నిలబడకుండ మెట్రో కార్డుల ముందే పైసలు వేసి పెట్టుకోండి.

ఉప్పల్ నుంచి హన్మకొండకు రాత్రిపూట రెండున్నర గంటలు, మహా అయితే మూడు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సులల్ల ఫ్రీ కాబట్టి అమ్మకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తరు. గని రాత్రి సిటీల పెద్ద బస్టాండ్ ఎంజీబీఎస్‌ల నిండిన ఎక్స్‌ప్రెస్ ఉప్పల్‌కు వచ్చేసరికి నిలబడే జాగా కూడ ఉండది. పోయేటప్పుడు పగటిపూట ఎక్స్‌ప్రెస్ సరే. వచ్చేటప్పుడు సూపర్ లగ్జరీనో రాజధానినో రిజర్వేషన్ చేసుకోవాలె, వాటికి ఫ్రీ వర్తించదు. బోర్డింగ్ పాయింట్ దగ్గర తప్పకుండ ఉప్పల్ పెట్టండి. ఎంజీబీఎస్ అని వదిలేస్తే మీరు ఉప్పల్‌ల చూసుకుంట నిలబడ్తరు, బస్సు పోతది. 12:30 తర్వాత ఉప్పల్ దాటే బస్సు చూసుకోండి, 12 గంటల బస్సుకు చేస్తే గుండె దడతోనే పాటలు వినాల్సి వస్తది.

నన్నడిగితే అమ్మతోని పోతే రాత్రికి రావద్దు. ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్ దిక్కు లాడ్జి తీసుకోండి, గచ్చిబౌలి దిక్కు రేట్లు మండిపోతయి. 24 గంటల చెకవుట్ ఉందా అని ముందే అడగండి. రెండు పాటల ముందు లేసే బాధ తగ్గుతది, 11 బండి తప్పినా క్యాబ్‌ల లాడ్జికి చేరొచ్చు. ఆయన మంచి పాటలు ఆఖరుకే దాచిపెడ్తరాయె.

మిక్సర్_పక్కన

సీటు విషయం నేను చెప్తాను, ఎందుకంటే ముందు వరుస అంటే మంచి సౌండ్ అని చాలామంది పొరపడతారు.

ఓపెన్ గ్రౌండ్‌లో స్టేజీకి రెండువైపులా ఎత్తున వేలాడే స్పీకర్ల వరుసలు ఉంటాయి. అవి తల మీదుగా వెనక్కి గురిపెట్టి ఉంటాయి. మొదటి ఐదారు వరుసల వాళ్లకు వాటి సౌండ్ సరిగా దిగదు. వాళ్ల కోసం స్టేజీ అంచున చిన్న స్పీకర్లు పెడతారు. దానికితోడు డ్రమ్స్ సౌండ్ స్టేజీ మీంచి నేరుగా వచ్చి కొడుతుంది. ఆయన ముఖం బాగా కనబడుతుంది, వయొలిన్లు మాత్రం ఎక్కడో ఉన్నట్టుంటాయి. ఆయన ప్రతి వాద్యానికీ విడివిడిగా స్వరాలు కాగితం మీద రాసి ఇచ్చే మనిషి. ఆ తీగవాద్యాలు, కోరస్, కింద బేస్ గిటార్ నడక, వేణువు అన్నీ ఒకే తూకంలో వినబడకపోతే అంతదూరం వెళ్లి ఏం లాభం?

ఆ తూకం వేసేది సౌండ్ ఇంజనీర్. ఆయన కూర్చునే మిక్సర్ టెంట్ గ్రౌండ్ మధ్యలో, మామూలుగా స్టేజీకి 30–40 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆయన చెవికి ఏది బాగుంటే అదే సెట్ చేస్తాడు. కాబట్టి ఆ టెంట్‌కు కొంచెం ముందు, ఎడమో కుడో పక్కన ఉన్న సీట్లే ఆ రోజు గ్రౌండ్‌లో బంగారం. టెంట్‌కు సరిగ్గా వెనక కూర్చోకండి, టెంట్ గుంజలు అడ్డం వస్తాయి. బుకింగ్ మ్యాప్‌లో మధ్యలో ఖాళీ గడి లాంటిది ఉంటే అది చాలావరకు మిక్సరే. ఆ పక్క బ్లాక్ ధర సాధారణంగా మొదటి రెండు కేటగిరీల కంటే తక్కువే ఉంటుంది.

పూర్తిగా పక్కలకు ఉన్న బ్లాకులు వద్దు. ఒకవైపు స్పీకరే వినబడుతుంది, స్టేజీ సగమే కనబడుతుంది. సరిగ్గా నడిమధ్య దారి వెంబడి బేస్ మోత ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే రెండువైపుల బేస్ స్పీకర్ల సౌండ్ అక్కడికి ఒకేసారి చేరి కలిసిపోతుంది. గుండెల్లో గుద్దినట్టుంటుంది. పెద్దవాళ్లకు ఆ దారి నుంచి ఐదారు మీటర్లు పక్కకు జరిగి కూర్చోబెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

బాగా వెనక ఇంకో ఇబ్బంది. సౌండ్ సెకనుకు 340 మీటర్లే వెళ్తుంది. వంద మీటర్ల దూరంలో తెరమీద పెదవి కదిలిన 0.3 సెకన్ల తర్వాత పాట వినబడుతుంది. తాళం పడే పాటలో అది చికాకు పుట్టిస్తుంది. మంచి నిర్వాహకులు మధ్యలో ఇంకో స్పీకర్ల టవర్ కట్టి, దానికి ఆ మేరకు ఆలస్యం పెట్టి స్టేజీ సౌండ్‌తో కలుపుతారు. టవర్ లేకపోతే వెనక కేటగిరీలో సన్నని స్వరాలు గాలిలోనే అరిగిపోతాయి, దరువు ఒక్కటే మిగులుతుంది. సౌండ్ చెక్ రోజు ఫొటోలు నిర్వాహకుల పేజీలో పెడితే టవర్ ఉందో లేదో చూసుకోవచ్చు గానీ, అప్పటికి మంచి టికెట్లు ఉండవు.

ఇక చెవులు. 85 డెసిబెల్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు అనేది పని చేసే చోట్ల వాడే లెక్క. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్‌కు టైం సగమవుతుంది, అలా 100కు వచ్చేసరికి 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికలకు పెట్టిన గరిష్ఠ సగటు కూడా 100 డెసిబెలే. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు సన్నని స్వరాలను మింగేస్తాయి, పాట దుప్పటి కప్పినట్టు వినబడుతుంది. సంగీతం కోసం చేసిన సిలికాన్ ప్లగ్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. అమ్మగారికి ఇంట్లో ఓసారి పెట్టి అలవాటు చేయండి, అక్కడ మొదటిసారి పెడితే తీసి పక్కన పడేస్తారు.

శిల్పకళావేదిక_బాల్కనీ

పైన చెప్పిందంతా గ్రౌండ్ ప్రోగ్రాంకు. మాదాపూర్ శిల్పకళావేదిక లాంటి మూసిన హాల్లో పడితే లెక్క వేరు. 10 గంటల నిషేధం మూసిన ఆడిటోరియంకు వర్తించదు, 11 దాటినా పాడొచ్చు. అప్పుడు మెట్రో లెక్క పనికిరాదు, రాత్రి ఉండిపోవడమే. హాల్ దాదాపు 2,500 సీట్లది కాబట్టి టికెట్ దొరకడమే కష్టం. దొరికితే మాత్రం అమ్మగారికి గ్రౌండ్ కంటే వెయ్యి రెట్లు నయం. కుర్చీ కుర్చీలా ఉంటుంది, బాత్రూం లోపలే, వాన బెడద లేదు. బాల్కనీ మెట్లు ఎక్కువ, కింది ఫ్లోర్ తీసుకోండి.

క్యూలో_ముందు

ఫోన్ సంగతి. బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ అనే రెండు యాప్‌లలో ఏదో ఒకదానిలోనే సాధారణంగా అమ్ముతారు. అనౌన్స్‌మెంట్‌లో ఏదో రాస్తారు. ముందురోజే యాప్ అప్‌డేట్ చేసి, లాగిన్ అయ్యి, నంబర్ ఓటీపీతో వెరిఫై చేసి వదిలేయండి. అమ్మకం మొదలయ్యే నిమిషంలో లాగిన్ ఓటీపీ రాక ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

కొత్త ఫోన్ కొన్నా, సిమ్ మార్చినా యూపీఐ మళ్లీ రిజిస్టర్ చేయాలి. అలా చేసిన మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి పోదు. రెండు టికెట్ల ధర అది దాటితే పేమెంట్ ఫెయిల్ అవుతుంది, సీట్లు ఎవరికో పోతాయి. కాబట్టి అమ్మకం వారంలో ఫోన్ మార్చే పని పెట్టుకోకండి. కార్డు వాడేవాళ్లు ఏదైనా చిన్న సినిమా టికెట్ కొన్నప్పుడే దాన్ని యాప్‌లో సేవ్ చేసి ఉంచుకుంటే ఆ రోజు నంబర్ కొట్టే పని తప్పుతుంది, ఓటీపీ ఒక్కటే మిగులుతుంది.

వెయిటింగ్ రూంలో పడ్డాక రిఫ్రెష్ కొట్టకండి, వెనక్కి వెళ్లకండి, క్యూలో మీ నంబర్ పోవచ్చు. ఇంట్లో ఇంకొకరు వేరే నంబర్‌తో, వేరే ఫోన్‌లో, వీలైతే వైఫై కాకుండా మొబైల్ డేటాతో క్యూలో ఉంటే మంచిది. ఏ కేటగిరీ, అది పోతే ఏది, అదీ పోతే మానేయడమా అన్నది ముందే కాగితం మీద రాసుకోండి. సీట్లు మీ పేరున పట్టి ఉంచేది కొన్ని నిమిషాలే, ఆ టైంలో అమ్మకు ఫోన్ చేసి అడగడం కుదరదు. కనబడే ధర మీద ఫీజు, జీఎస్టీ చివరి పేజీలో కలుస్తాయి, బడ్జెట్‌లో అది కలిపి చూసుకోండి.

డబ్బు కట్ అయ్యి టికెట్ రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. ముందు బుకింగ్ హిస్టరీ చూడండి, ఒక్కోసారి పది నిమిషాలకు కన్ఫర్మ్ అవుతుంది. కన్ఫర్మ్ కాకపోతే ఆర్‌బీఐ నియమం ప్రకారం ఐదు రోజుల్లోగా డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం అడగొచ్చు.

ఇంకోటి, సీటు నంబర్ ఉన్న టికెట్టా, లేక కేటగిరీ లోపల ఎక్కడైనా కూర్చునే టికెట్టా అన్నది చదివి కొనండి. రెండోదైతే గేట్లు తెరిచే టైంకే వెళ్లాలి, అంటే సాయంత్రం 4:30కే ఎండలో లైన్. "ఫ్యాన్ పిట్" అని రాసి ఉంటే అక్కడ కుర్చీలే ఉండవు, అమ్మగారితో ఆ వైపు చూడొద్దు.

హన్మకొండ_శ్రోత

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. రాత్రి ఉండిపోవడమే ఖాయం చేశాం. ఇంకో రెండు ప్రశ్నలు. టికెట్ దొరక్కపోతే వాట్సాప్ గ్రూపుల్లో అమ్మేవాళ్ల దగ్గర కొనొచ్చా? హైదరాబాద్‌లో కుదరక చెన్నైలో పడితే వరంగల్ నుంచి వెళ్లిరావడం ఎంత కష్టం?

క్యూలో_ముందు

గ్రూపుల్లో వద్దు. ఒకే క్యూఆర్ కోడ్ నలుగురికి అమ్ముతారు, గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడే లోపలికి. మిగతా ముగ్గురి దగ్గర అదే ఫొటో, అదే పేరు. ఎవరిది అసలో తేల్చే ఓపిక సెక్యూరిటీకి ఉండదు. యాప్‌లోనే ఒకరి నుంచి ఇంకొకరికి ట్రాన్స్‌ఫర్ చేసే సదుపాయం ఉంటే ఆ దారిన మాత్రమే తీసుకోండి. చేతికి కట్టే బ్యాండ్ కొరియర్‌లో వచ్చే ప్రోగ్రాం అయితే ఆ బ్యాండ్ కళ్లారా చూడకుండా డబ్బు ఇవ్వకండి. చాలాసార్లు ప్రోగ్రాంకు రెండు మూడు రోజుల ముందు ఆపిన సీట్లు కొన్ని యాప్‌లో మళ్లీ వదులుతారు, పొద్దునా సాయంత్రం ఓసారి చూస్తూ ఉండండి.

పెద్దపల్లి_ప్యాసింజర్

చెన్నై సంగతి నేను చెప్త. మన దిక్కు నుంచి చెన్నైకి దారి మంచిదే. ఢిల్లీ నుంచి వచ్చే తమిళనాడు ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ రెండూ వరంగల్‌ల ఆగుతయి. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దుగాల చెన్నై సెంట్రల్‌ల దిగుతరు. పెద్దపల్లి, మంచిర్యాల దిక్కోళ్లు తమ స్టేషన్‌ల ఏది ఆగుతదో చూసుకుని, లేకుంటే వరంగల్‌కు వచ్చి ఎక్కాలె.

2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నరు. ప్రోగ్రాం డేట్ రాంగనే, కచేరీ టికెట్ ఇంకా అమ్మకముందే రైలు టికెట్ చేసి పెట్టుకోండి. కచేరీ టికెట్ దొరక్కపోతే రైలుది క్యాన్సిల్ చేస్తే కొంత పోతది, అంతే. ఉల్టా చేస్తే పదివేల టికెట్ చేతుల పట్టుకుని తత్కాల్ కోసం కొట్లాడాలె. తత్కాల్ ముందురోజు ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11కు. ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కు ఆధార్ లింక్ అయ్యి ఉండాలె. 45 దాటిన ఆడోళ్లకు కింది బెర్త్ కోటా ఉంది, బుక్ చేసేటప్పుడు వయసు సరిగ రాస్తే చాలు. సీనియర్ సిటిజన్ రాయితీ మాత్రం 2020 మార్చి నుంచి లేదు.

చెన్నైల గ్రౌండ్ ఎక్కడ అన్నదే అసలు ముచ్చట. నందనం వైఎంసీఏ గ్రౌండ్ అయితే సెంట్రల్ నుంచి మెట్రోల నందనం స్టేషన్‌ల దిగి నడవొచ్చు. నెహ్రూ స్టేడియం అయితే సెంట్రల్‌కు పక్కనే. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద అంటే అమ్మతోని పోవద్దు, మెట్రో లేదు, ఉన్నది ఒక్కటే రోడ్డు. 2023 సెప్టెంబర్ 10న అక్కడ ఏఆర్ రెహమాన్ కచేరీకి చేతిల టికెట్ ఉన్నోళ్లు కూడ లోపలికి పోలేక ట్రాఫిక్‌ల ఇరుక్కుని వెనక్కి మర్రిండ్రు. అది అసలు ఆగస్టు 12న కావాల్సింది, వానకు వాయిదా పడ్డది. తర్వాత టికెట్ కాపీ పంపినోళ్లకు పైసలు వాపస్ ఇస్తమన్నరు. కాబట్టి టికెట్ పీడీఎఫ్, పేమెంట్ మెసేజ్ ప్రోగ్రాం అయ్యేదాకా తుడిపెయ్యొద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైల ఈశాన్య రుతుపవనాల వానలు, ఆ నెలల్ల ఓపెన్ గ్రౌండ్ అంటే వాయిదా పడొచ్చని అనుకునే పోవాలె. వాయిదా పడితే రైలు, లాడ్జి ఖర్చు ఎవరూ ఇయ్యరు.

చెన్నైల తమిళ పాటలే ఎక్కువ పాడ్తరు, అది సహజమే. రాగం అదే, మాట వేరు. అమ్మ తెలుగు పాటల కోసమే వస్తుంటే హైదరాబాద్ కోసం ఆగుడు మంచిది.

ఉప్పల్_రింగ్‌రోడ్డు

ఒక్కటి మర్చిపోయిన. హైదరాబాద్‌కు రైల్ల పోవాలంటే కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, స్టేషన్ పక్కనే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో. గని కొన్ని బండ్లు ఇప్పుడు చర్లపల్లిల ఆగిపోతున్నయి. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చూడుండ్రి, చర్లపల్లికి మెట్రో లేదు, ఆటోల ఉప్పల్‌కు రావాల్సిందే.

కారుల పోయేటోళ్లు సిటీ నడుమ నుంచి గచ్చిబౌలికి పోవద్దు. ఘట్‌కేసర్‌ల ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి శంషాబాద్ మీదుగ గచ్చిబౌలిల దిగాలె. దూరం ఎక్కువే, సాయంత్రం 5 గంటల ట్రాఫిక్‌ల అదే నయం. బైకులకు ఓఆర్ఆర్ మీద అనుమతి లేదు. గూడూరు, కోమళ్ల టోల్ ప్లాజాలల్ల 24 గంటలలోపు తిరిగొస్తే రిటర్న్‌కు సగమే కట్ అయితది, ఫాస్టాగ్‌ల అదే సర్దుకుంటది.

మిక్సర్_పక్కన

లోపలికి ఏం తీసుకెళ్లాలో ఎవరూ చెప్పలేదు. చాలా ప్రోగ్రాంలలో వాటర్ బాటిల్, పెద్ద బ్యాగ్, పవర్ బ్యాంక్ గేటు దగ్గరే ఆపేస్తారు, దాచిపెట్టే గది ఉండకపోవచ్చు. కాబట్టి లగేజీ లాడ్జిలోనే వదిలి వెళ్లండి. అమ్మగారి మందులు షీటుతో, డాక్టర్ చీటీతో పాటు చిన్న పర్సులో పెడితే ఆపరు. అన్ని వేల ఫోన్లు ఒకచోట చేరితే నెట్ పడిపోతుంది, టికెట్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అయితే కొన్ని యాప్‌లలో క్యూఆర్ కొన్ని సెకన్లకోసారి మారుతుంది, దానికి స్క్రీన్‌షాట్ పనికిరాదు. అలాంటిదైతే గేటుకు దూరంగా, సిగ్నల్ ఉన్నచోటే తెరిచి పెట్టుకుని లైన్లోకి వెళ్లాలి. నడవలేనివాళ్లకు వీల్‌చైర్, దగ్గరి గేటు ఇస్తారా అని నిర్వాహకులకు వారం ముందే మెయిల్ పెట్టండి. వచ్చిన జవాబు ఫోన్‌లో దగ్గర పెట్టుకోండి, గేటు దగ్గర ఉన్న కుర్రాళ్లకు అది చూపిస్తేనే కదులుతారు.